ఒకే ప్రశ్న, మూడు సమాధానాలు: సరి సంఖ్యలు, అసమీకరణాలపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసులోని అభ్యర్థి, మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష అయిన జీమ్యాట్‌కు సిద్ధమవుతున్న ఉద్యోగిని. ఆమెను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. చదువు సంగతి ఒక్కటి మాత్రం చెప్పాలి, ఎందుకంటే కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఆమెకు బీజగణితం గట్టిగా వచ్చు. వర్గ అసమీకరణం ఇస్తే కారణాంకాలుగా విడదీసి, సంఖ్యారేఖ మీద గుర్తులు పెట్టి, చకచకా తేల్చేస్తారు. సరి, బేసి నియమాలూ కంఠతా వచ్చు: రెండు సరి సంఖ్యల మొత్తం సరి, రెండు బేసి సంఖ్యల మొత్తం కూడా సరి, పూర్ణాంకాల లబ్ధంలో ఒక్క సరి సంఖ్య ఉన్నా లబ్ధం సరి. సున్నా సరి సంఖ్యేనని అడగకముందే చెబుతారు. విడివిడిగా ఎక్కడా తడబాటు లేదు. ఈ రెండూ ఒకే డేటా సఫిషియెన్సీ ప్రశ్నలో కలిసి వస్తే మాత్రం తప్పులు వరుసకట్టేవి.

ఈ తరహా ప్రశ్నలతో పరిచయం లేనివారి కోసం రెండు మాటలు. ఒక ప్రశ్న ఉంటుంది, దాని కింద రెండు ప్రకటనలు ఉంటాయి. సమాధానం కనుక్కోమని అడగరు, కనుక్కోవడానికి ఇచ్చిన సమాచారం చాలునా అని అడుగుతారు. ఎంపికలు ఎప్పుడూ అయిదే, ఎప్పుడూ అదే వరుసలో: మొదటి ప్రకటన ఒక్కటే చాలు (ఏ), రెండోది ఒక్కటే చాలు (బి), రెండూ కలిస్తేనే చాలు (సి), దేనికది విడిగానే చాలు (డి), రెండూ కలిపినా చాలదు (ఇ). 2023 నవంబరులో మొదలైన కొత్త జీమ్యాట్‌లో ఈ ప్రశ్నలు గణిత విభాగం నుంచి డేటా ఇన్‌సైట్స్ విభాగానికి మారాయి. అక్కడ 45 నిమిషాల్లో 20 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి సగటున రెండుంపావు నిమిషాలు. తెర మీద కాలిక్యులేటర్ ఇస్తారు గానీ ఇక్కడ చర్చించే ప్రశ్నలకు అది అక్కరకు రాదు.

చలరాశులను న, మ, ప వంటి తెలుగు అక్షరాలతోనే రాస్తున్నాను.

వచ్చిన సమస్య

“సమాధానం చదివితే అంతా అర్థమవుతోందండీ. మళ్లీ అలాంటిదే వస్తే మళ్లీ అదే తప్పు” అన్నారు ఆమె. ఈ మాట విన్నప్పుడు నేను పాఠం మొదలుపెట్టను. అర్థమవుతోందంటే విషయం వచ్చు. పని చేసే క్రమంలో ఎక్కడో ఏదో జారిపోతోంది. అది ఎక్కడో తెలుసుకోకుండా మరో పుస్తకమంతా లెక్కలు చేయిస్తే, ఆ జారిపోవడమే అలవాటుగా గట్టిపడుతుంది.

అందుకని ఆమె తప్పు చేసిన ప్రశ్నలన్నీ ముందేసుకుని, లెక్కల లోతుల్లోకి వెళ్లకుండా ఒక్కటే చూశాను: అసలు సమాధానం ఏది, ఆమె పెట్టినది ఏది. చాలావాటిలో అసలు సమాధానం ఏ, బి, డిలలో ఒకటి. ఆమె పెట్టినది సి, లేకపోతే ఇ. అంటే ఒక ప్రకటన విడిగానే చాలినా ఆమెకు చాలనట్టు కనిపిస్తోంది. దీనికి ఎదురు దిశలో జరిగిన తప్పులు, అంటే చాలనిదాన్ని చాలుననుకున్నవి, అరుదు.

ఈ దిశను గమనించడం దగ్గరే ఈ కేసులో సగం పని అయిందని నా అభిప్రాయం. చాలని ప్రకటన చాలినట్టు కనిపించిందంటే, చూడాల్సిన విలువ ఏదో చూడలేదని అర్థం. సున్నానో రుణ సంఖ్యనో మరిచిపోయి ఉంటారు. చాలే ప్రకటన చాలనట్టు కనిపించిందంటే సంగతి తలకిందులు. రాకూడని విలువను దేన్నో లోపలికి రానిచ్చారు, లేదా ‘కాదు’ అన్న ఖాయమైన జవాబును జవాబుగా లెక్కపెట్టలేదు. మొదటి రకానికి ఎక్కువ సంఖ్యలు పెట్టి చూడమని చెప్పాలి. రెండో రకానికి అదే సలహా ఇస్తే తప్పులు పెరుగుతాయి.

అప్పటికే ప్రయత్నించినవి

నా దగ్గరికి వచ్చేసరికే ఆమె ఒక పద్ధతిని గట్టిగా పట్టుకుని ఉన్నారు. డేటా సఫిషియెన్సీ నేర్పేటప్పుడు తరచూ చెప్పేదే అది: ప్రతి ప్రకటనలోనూ సున్నా, ఒకటి, రుణ ఒకటి, అర, ఒక పెద్ద సంఖ్య పెట్టి చూడాలి. వాస్తవ సంఖ్యల ప్రశ్నలకు ఇది మంచి సాధనం. న ధన సంఖ్య అని మాత్రమే చెప్పి, న² > న అవునా అని అడిగినప్పుడు అర పెట్టి చూడనివారు మునిగిపోతారు. కానీ సరి సంఖ్యల ప్రశ్నలో ఆ అయిదింటిలో కచ్చితంగా చెల్లేది సున్నా ఒక్కటే. పెద్ద సంఖ్య సరి అయితే అదీ చెల్లుతుంది. మిగిలిన మూడింటికీ ఆ ప్రశ్నలో చోటే లేదు.

ఆమె చేసిన ఒక లెక్క చూడండి.

ప ఒక సరి పూర్ణాంకం. ప > 0 అవునా?
(1) ప² + 2ప < 8
(2) ప² < 10

మొదటి ప్రకటనలో సున్నా పెట్టారు: 0 < 8 నిజమే, కాబట్టి జవాబు ‘కాదు’. తర్వాత ఒకటి పెట్టారు: 3 < 8 నిజమే, కాబట్టి జవాబు ‘అవును’. రెండు రకాల జవాబులు వచ్చాయి కనుక చాలదు అని రాశారు. రెండో ప్రకటనకూ అవే సంఖ్యలు, అదే తీర్పు. రెండూ కలిపినా సున్నా, ఒకటి అలాగే నిలబడ్డాయి. ఇ పెట్టారు.

ఒకటి సరి సంఖ్య కాదని ఆమెకు తెలియక కాదు, చూపించగానే నాలుక కరుచుకున్నారు. సరిగ్గా చేస్తే మొదటి ప్రకటన (ప + 4)(ప − 2) < 0 అవుతుంది, అంటే −4 < ప < 2. ఈ మధ్యలో ఉన్న సరి సంఖ్యలు −2, 0 మాత్రమే. రెండూ సున్నా కంటే పెద్దవి కావు. జవాబు ఖాయంగా ‘కాదు’, కనుక మొదటి ప్రకటన చాలు. రెండోదానిలో −2, 0, 2 మిగులుతాయి, అక్కడ జవాబు రెండు రకాలు. సమాధానం ఏ.

ఆమె బలం బీజగణితం కాబట్టి నేను మొదట ఆ బలం మీదే ఆధారపడదామనుకున్నాను. సంఖ్యలు పెట్టి చూడటం పక్కన పెట్టి, అసమీకరణాన్ని పూర్తిగా సాధించి, వచ్చిన అంతరంలోంచి (రెండు హద్దుల మధ్య ఉన్న సంఖ్యల్లోంచి) చివర్లో సరి సంఖ్యలను ఏరుకోమన్నాను. తీరుబడిగా చేసినప్పుడు ఈ పద్ధతి చక్కగా నడిచింది. గడియారం పెట్టగానే పాత తప్పులు తిరిగొచ్చాయి. −4 < ప < 2 అని రాసేసరికి లెక్క అయిపోయిందన్న భావన కలుగుతుంది. కష్టమైన పని ముగిసింది, కంటికి ఎదురుగా అంతరం ఉంది, దానిలో సున్నాకూ రెండుకూ మధ్య ఒక ధన భాగం ఉంది. ఆ భాగం కనబడగానే కలం ‘చాలదు’ వైపు వెళ్లిపోతుంది. సరి సంఖ్యలను ఏరుకోవడం చిట్టచివరి మెట్టు కావడమే ఇబ్బంది. తొందరలో మొదట ఎగిరిపోయేది చివరి మెట్టే.

రఫ్ కాగితాలు

ఇక లెక్కలు చెప్పించడం ఆపి, ఆమె రఫ్ కాగితాలు అడిగి తీసుకున్నాను. వాటిలో ఒక పోలిక కొట్టొచ్చినట్టు కనబడింది. ప్రతి లెక్కలోనూ రెండు ప్రకటనలు శుభ్రంగా ఎత్తి రాసుకున్నారు. ప్రశ్నను కూడా క్లుప్తంగా రాసుకున్నారు, ‘న ≥ 8?’ అన్నట్టు. సరి అన్న మాట గానీ, దానికి గుర్తు గానీ ఏ కాగితం మీదా లేదు. ప్రశ్న వాక్యంలో దాన్ని చదివారు, అది తెరమీదే ఉండిపోయింది. అక్కడి నుంచి ఆమె కళ్లు కాగితాన్ని వదలవు. కాగితం మీద లేని షరతు లెక్కలోకి ఎలా వస్తుంది?

ఇది నా ఊహే కావచ్చు కాబట్టి పరీక్షించి చూడాలనిపించింది. ఒకే ప్రశ్నను మూడు రూపాల్లో రాసి, మధ్యలో వేరే లెక్కలు కలిపి ఇచ్చాను. ప్రశ్న ఇది:

న ≥ 8 అవునా?
(1) న > 6
(2) న² > 60

ఒక రూపంలో న సరి పూర్ణాంకం, ఇంకో రూపంలో న పూర్ణాంకం, మూడో రూపంలో న వాస్తవ సంఖ్య. అంకెలు, గుర్తులు, ప్రకటనలు ఒక్క అక్షరం మారలేదు. సమాధానం మాత్రం మూడింటికీ మూడు రకాలు.

వాస్తవ సంఖ్య అయితే రెండు ప్రకటనలు కలిపినా 7.8 లాంటి విలువ మిగులుతుంది. దాని వర్గం 60.84. 7.8 మాత్రం 6 కంటే పెద్దదే, 8 కంటే చిన్నది. మరోవైపు 9 కూడా చెల్లుతుంది. కాబట్టి ఇ. పూర్ణాంకం అయితే మొదటి ప్రకటనలో 7 అడ్డుపడుతుంది, రెండోదానిలో −8 అడ్డుపడుతుంది. రెండూ కలిస్తే 7 పోతుంది, ఎందుకంటే దాని వర్గం 49. రుణ సంఖ్యలూ పోతాయి. మిగిలేవన్నీ 8, అంతకు పైన. కాబట్టి సి. సరి పూర్ణాంకం అయితే మొదటి ప్రకటన ఒక్కటే చాలు, 6 దాటితే తర్వాతి సరి సంఖ్య 8 కనుక. రెండో ప్రకటనకు −8 అడ్డం. కాబట్టి ఏ.

ఆమె వాస్తవ సంఖ్యల రూపానికి ఇ పెట్టారు, పూర్ణాంకాల రూపానికి సి పెట్టారు, రెండూ ఒప్పే. సరి సంఖ్యల రూపానికి కూడా సి పెట్టారు. ‘పూర్ణాంకం’ అన్న షరతు ఆమెతోపాటు చివరిదాకా వచ్చింది, ‘సరి’ దారిలోనే ఆగిపోయింది. మొదటిది ఎందుకు నిలిచిందో ఊహించడం కష్టం కాదు: ఎవరైనా సంఖ్య తీసుకోమంటే సహజంగా పూర్ణాంకమే తీసుకుంటారు. ఏడును పక్కనపెట్టి ఎనిమిదిని తీసుకోవడానికి మాత్రం ఆ మాట ఎదురుగా ఉండాలి.

మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పాత తప్పులన్నీ తనే తీసి, ‘సరి’ ఎక్కడ జారిందో ఒక్కొక్కదాని మీద గుర్తు పెట్టుకుంటూ వెళ్లారు. నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

పనిచేసినది

మార్చినది క్రమం. చివర ఉన్న షరతును మొదటికి తెచ్చాం. ప్రకటనలు చదవకముందే కాగితం మీద ఇలా రాయాలి:

… −4, −2, 0, 2, 4, 6, 8, 10 …

‘సరి’ అన్న మాట రాసుకుంటే చాలదా అని ఆమె అడిగారు. నా లెక్కలో చాలదు. మాట రాసుకుంటే దాన్ని మళ్లీ చదవాలి, మళ్లీ ప్రయోగించాలి. జాబితా రాసుకుంటే ఆ పని అప్పటికే అయిపోయి ఉంటుంది. దానిలో 7 లేదు, అర లేదు, లేనిదాన్ని ఎంచుకోవడం కుదరదు. ఇంకో లాభం కూడా ఉంది: సున్నా, రుణ సంఖ్యలు ప్రత్యేకంగా గుర్తుచేసుకోవాల్సిన అవసరం లేకుండా వాటి చోట అవి ఉంటాయి.

తర్వాత ప్రశ్న అడిగే హద్దును జాబితా మీద నిలువు గీతగా గీయాలి. న ≥ 8 అవునా అంటే గీత 6కూ 8కీ మధ్య పడుతుంది. కుడివైపు ‘అవును’, ఎడమవైపు ‘కాదు’. ఇంతవరకు ప్రకటనల జోలికే పోకూడదు. ఇప్పుడు మొదటి ప్రకటన చదివి, జాబితాలో ఏవి మిగులుతాయో చూడాలి. మిగిలినవన్నీ గీతకు ఒకే పక్కన ఉంటే ఆ ప్రకటన చాలు, అది ‘కాదు’ పక్క అయినా సరే. రెండు పక్కలా ఉంటే చాలదు. విలువ ఎంత అని అడిగే ప్రశ్నకైతే గీత అక్కర్లేదు, ఒక్కటే మిగలాలి.

రెండో ప్రకటనకు జాబితాను మళ్లీ కొత్తగా రాయాలన్నది నేను పట్టుబట్టిన నియమం. సమయం వృథా అని ఆమె మొదట ఒప్పుకోలేదు. కానీ మొదటి ప్రకటన కొట్టేసిన సంఖ్యలు అలాగే కొట్టివేసి ఉంటే, రెండోదాన్ని విడిగా చూస్తున్నామని అనుకుంటూనే రెండూ కలిపి చూస్తాం. ఈ తరహా ప్రశ్నల్లో బాగా తెలిసిన తప్పు ఇది, మంచి అభ్యర్థులూ చేస్తారు. అరడజను సంఖ్యలు మళ్లీ రాయడానికి పట్టే సమయం ఎంత?

పై ప్రశ్నకే ఈ పద్ధతి వర్తింపజేస్తే తేడా తెలుస్తుంది. న > 6 అనగానే 8, 10, 12 మొదలైనవి మిగులుతాయి, అన్నీ గీతకు కుడివైపే. ఏ సంఖ్యా పెట్టి చూడనక్కర్లేదు. న² > 60 అంటే కుడివైపు 8 నుంచి, ఎడమవైపు −8 నుంచి అటుగా ఉన్నవి మిగులుతాయి. రెండు పక్కలా ఉన్నాయి, కాబట్టి చాలదు.

అలవాటైన కొద్దీ ఆమె జాబితా అంతా చూడటం మానేసి, గీతకు ఆనుకుని ఉన్న రెండు సంఖ్యలను మాత్రం చూడటం మొదలుపెట్టారు. ఇది నేను చెప్పినది కాదు, తనే పట్టుకున్నారు. చాలా సందర్భాల్లో సరైనదే: మిగిలిన సంఖ్యలు ఒకే వరుసగా, మధ్యలో ఖాళీ లేకుండా ఉంటే, ఆ వరుస గీతను దాటిందా లేదా అన్నది ఆ రెండింటి దగ్గరే తేలిపోతుంది. వర్గం, పరమ మూల్యం ఉన్నప్పుడు మాత్రం మిగిలినవి రెండు ముక్కలుగా విడిపోవచ్చు. న² > 60లో గీత పక్కనున్న 6 మిగలదు, 8 మిగులుతుంది. దాన్ని చూసి ‘చాలు’ అనుకుంటే దూరంగా ఉన్న −8 కొంప ముంచుతుంది. కాబట్టి వర్గం కనబడితే రెండు చివరలూ చూడాలని ఒక షరతు చేర్చుకున్నాం.

సున్నా విషయంలో జాబితా ఎలా పనికొచ్చిందో చెప్పే ప్రశ్న ఇంకొకటి.

మ సరి పూర్ణాంకం. మ విలువ ఎంత?
(1) −3 < మ < 2
(2) మ² < 4

మొదటిదానిలో −2, 0 మిగులుతాయి, చాలదు. రెండోదానిలో మిగిలేది సున్నా ఒక్కటే, కనుక చాలు. సమాధానం బి. ఇంతకుముందు ఇలాంటిదాన్ని చేసినప్పుడు ఆమె మ² < 4కు ఒకటి, రుణ ఒకటి అని రాసి, అవి సరి కావని గుర్తొచ్చి కొట్టేసి, ఏమీ మిగలక గందరగోళపడి ఇ పెట్టారు. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాను. సక్రమంగా తయారైన ప్రశ్నలో రెండు ప్రకటనలూ ఒకదానితో ఒకటి విభేదించవు, ఏ ప్రకటనా అసాధ్యమైనది కాదు. కాబట్టి ఏమీ మిగల్లేదంటే లోపం ప్రశ్నలో లేదు, మన జాబితాలో ఉంది. అది ప్రమాద ఘంటికలా పనికొస్తుంది.

ఎదురు దిశలో తప్పులు

జాబితా అలవాటయ్యాక కొత్త రకం తప్పులు తలెత్తాయి. ఈసారి చాలనివి చాలినట్టు కనబడసాగాయి. దిశ మారింది కాబట్టి కారణమూ మారి ఉంటుందని, పాత సూచనలు మళ్లీ చెప్పకుండా కొత్తగా వెతికాం. దొరికిన నమూనా ఇది:

ర ఒక ధన సంఖ్య, ర² సరి పూర్ణాంకం. ర ≥ 2 అవునా?
(1) ర > 1
(2) ర² > 3

ఆమె సరి అన్న మాట చూడగానే 2, 4, 6 అని జాబితా రాసి, దాన్ని ర జాబితాగా తీసుకున్నారు. ర > 1 అంటే 2, ఆ పైన, కాబట్టి చాలు అనుకున్నారు. రెండోదీ చాలు. డి పెట్టారు. కానీ ఇక్కడ సరి అయినది ర కాదు, దాని వర్గం. ర² జాబితా 2, 4, 6, 8. ర పూర్ణాంకం అని ఎవరూ చెప్పలేదు. మొదటి ప్రకటన ప్రకారం ర² = 2 కావచ్చు, అప్పుడు ర సుమారు 1.41, రెండు కంటే చిన్నది. ర² = 4 అయితే ర = 2. కాబట్టి చాలదు. రెండో ప్రకటనలో ర² మూడు దాటాలి, జాబితాలో ఆ తర్వాత ఉన్నది 4. అంటే ర కనీసం 2. చాలు. సమాధానం బి.

జాబితా ముందు అది ఎవరిదో రాయాలన్న నియమం ఇక్కడి నుంచే వచ్చింది: ‘ర²:’ అని రాసి, ఆ తర్వాత సంఖ్యలు. క + గ సరి అని చెబితే జాబితా మొత్తానిది, క, గలలో ఏ ఒక్కదానిదీ కాదు. రెండూ బేసి కావచ్చు. పూర్ణాంకాలని చెప్పకపోతే అర, ఒకటిన్నర కూడా కావచ్చు. 2న సరి అంటే న పూర్ణాంకమని తెలిసిందే తప్ప న సరి అని తెలియలేదు. ఈ తేడాలు పాఠంలా చెబితే అందరూ తలూపుతారు. జాబితా ముందు పేరు రాయాల్సి వచ్చినప్పుడే అవి నిజంగా అవసరమవుతాయి.

సంఖ్యలు పెద్దవైతే జాబితా రాయడం కుదరదు కదా అన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు న బదులు 2త రాసుకోవాలి, త ఏదైనా పూర్ణాంకం. 50 < 3న < 70 అయితే 50 < 6త < 70, అంటే త విలువలు 9, 10, 11. న విలువలు 18, 20, 22. ఇది కూడా అదే సూత్రం: సరి అన్న షరతును ముందే కలిపేసి, ఆ తర్వాత అసమీకరణం ముట్టుకోవడం. ఆమెకు బీజగణితం మీద ఉన్న పట్టు ఇక్కడ మళ్లీ బాగా అక్కరకొచ్చింది.

బోధించేవారికి

తప్పు ఎన్నిసార్లు వచ్చిందన్నదాని కంటే ఏ దిశలో వచ్చిందన్నది ముందు చూడమని నా సలహా. అభ్యర్థి సి, ఇ వైపు ఒరుగుతున్నారా, ఏ, బి, డి వైపు ఒరుగుతున్నారా అన్నది తెలియకుండా ‘ఇంకా సంఖ్యలు పెట్టి చూడు’ అనడం గుడ్డిలెక్క. రఫ్ కాగితం తప్పకుండా చూడాలి. సమాధాన పత్రం ఏం తప్పిందో చెబుతుంది, రఫ్ కాగితం ఎక్కడ తప్పిందో చెబుతుంది. ఒకే ప్రశ్నను వాస్తవ సంఖ్యకూ, పూర్ణాంకానికీ, సరి సంఖ్యకూ మార్చి ఇవ్వడం ఇప్పుడు నేను మొదట్లోనే చేస్తున్నాను. ఏ షరతు నిలుస్తోంది, ఏది జారుతోంది అన్నది అభ్యర్థికీ నాకూ ఒకేసారి తెలుస్తుంది, వాదన అక్కర్లేదు.

ఆమె విషయంలో సి వైపు ఒరగడం బాగా తగ్గింది. జాబితా రాయడం వల్ల వేగం పడిపోతుందని ఆమెకు ఉన్న భయం నిజం కాలేదు. అయిదు సంఖ్యలు పెట్టి చూసే పని పోయింది కాబట్టి సమయం కలిసొచ్చింది కూడా.

రెండు చలరాశులు

జాబితా నేరుగా పనికిరాని చోటు ఇది. రెండు చలరాశులు ఉంటే జంటల పట్టిక రాయాల్సి వస్తుంది, దానికి సమయం ఉండదు. ఇక్కడ జాబితా బదులు సరి సంఖ్యల మధ్య దూరాన్ని వాడటం నేర్పాను. రెండు వేర్వేరు సరి సంఖ్యల మధ్య తేడా కనీసం 2. క, గ సరి పూర్ణాంకాలైతే, క − గ > 1 అవునా అన్న ప్రశ్నకు క > గ అన్న ప్రకటన ఒక్కటే చాలు. క² > గ² అన్నది చాలదు: క = 4, గ = 2 అయితే అవును, క = −4, గ = 2 అయితే కాదు. తేడాకు ఎలా కనీస విలువ ఉందో, మొత్తానికీ లబ్ధానికీ కూడా అలాంటి అడుగులు ఉన్నాయి. రెండు సరి సంఖ్యల మొత్తం సరి, కాబట్టి రెండేసి చొప్పున పెరుగుతుంది. లబ్ధం నాలుగు గుణిజం, కాబట్టి నాలుగేసి చొప్పున పెరుగుతుంది.

దీని మీద ఆమెకు ఇచ్చిన ప్రశ్న ఇది.

క, గ ధన సరి పూర్ణాంకాలు. క × గ ≥ 20 అవునా?
(1) క × గ > 16
(2) క + గ > 10

ఆమె ప్రకటనలు చదవకముందే ‘క × గ: 4, 8, 12, 16, 20, 24’ అని రాసి, 16కూ 20కీ మధ్య గీత గీశారు. మొదటి ప్రకటన చూడగానే మిగిలినవన్నీ కుడివైపే ఉన్నాయని గుర్తుపెట్టారు. రెండోదాని దగ్గర కాసేపు ఆగారు. ‘క + గ: 12, 14, 16’ అని ఇంకో వరుస రాశారు. మొత్తం 12 అయినప్పుడు అతి చిన్న లబ్ధం ఎప్పుడు వస్తుందని తనను తానే అడిగి, ఒకటి వీలైనంత చిన్నదైతే అని చెప్పుకుని, 2, 10 రాశారు. లబ్ధం 20. మొత్తం 14 అయితే 2, 12, లబ్ధం 24. మొత్తం పెరిగిన కొద్దీ అతి చిన్న లబ్ధం కూడా పెరుగుతుందే తప్ప తగ్గదు. చాలు. డి పెట్టారు.

తర్వాత నేను అడగకుండానే ఆమె ఇంకో పని చేశారు. అదే ప్రశ్నలో సరి అన్న మాటను కొట్టేసి, క, గ ధన పూర్ణాంకాలు మాత్రమే అయితే ఏమవుతుందో చూశారు. మొదటిదానికి 17 వచ్చి అడ్డుపడింది. రెండోదానికి 1, 10 అడ్డుపడ్డాయి, లబ్ధం 10. రెండూ కలిపితే 1, 17 చెల్లుతాయి, లబ్ధం 17. 4, 10 కూడా చెల్లుతాయి, లబ్ధం 40. డి కాస్తా ఇ అయింది. ఇప్పుడు క, గలలో ఒకటి మాత్రమే సరి అయితే ఎలా ఉంటుందో చూస్తానని ఆ కాగితం తీసుకెళ్లారు.